కుర్చీలు నింపినవాళ్లు

ఫోటోలో మూడో వరసన, లావణ్య పేరున్న కార్డు మెడలో వేసుకుని నిలబడ్డ ఆడమనిషి లావణ్య కాదు. ఆమె కట్టుకున్న చీర మాత్రం లావణ్యదే.

ఆవపువ్వు రంగు నారాయణపేట చీర. ఇస్త్రీపెట్టె అంటుకుని కాలిన చోట లావణ్య తన చేత్తో కుట్టుకున్న చిన్న పువ్వు కూడా కనబడుతోంది. ముఖం మాత్రం కనబడటం లేదు. ఫోటోలో అందరికీ ఉన్నట్టే, కళ్ల కిందినుంచి గడ్డం దాకా మాస్కు.

లావణ్య ఫోన్‌ను వంటింటి గట్టు మీద పెట్టి, ఏటిగడ్డ మున్సిపాలిటీ శానిటరీ ఇన్‌స్పెక్టరైన తనకు ఎంక్వైరీ అధికారి ఫోటోతోపాటు పంపిన మెమోను మళ్లీ చదివింది.

"మార్చి నెలలో మున్సిపల్ అధికారులకు ప్రభుత్వ ఖర్చుతో ఇచ్చిన మేనేజ్‌మెంట్ శిక్షణకు మీరు హాజరయ్యారు. ఫోటో జతపరచడమైనది. కార్మికుల భద్రత ఆ శిక్షణలో ముఖ్యమైన పాఠం. అన్నీ తెలిసి కూడా కార్మికుడు ఉప్పలయ్యను మురుగు గుంతలోకి ఎందుకు దింపించారు? ఈ సాయంత్రంలోగా జవాబివ్వండి."

ఉప్పలయ్య దినాలు నిన్ననే అయిపోయాయి. ఇవాళ తెల్లవారకముందే అతని భార్య సమ్మమ్మ ఏటిగడ్డ నుంచి మొదటి బస్సెక్కి వరంగల్‌లో నేతగాళ్లుండే కొత్తవాడకు వచ్చి వీళ్ల అరుగు మీద కూర్చుంది. చాయ్ ఇస్తే ముట్టలేదు. పలకరిస్తే పలకలేదు. వీధిలో పోయేవాళ్లు ఆమెను చూసి, తర్వాత ఇంటి తలుపు వైపు చూసి, ఏమీ అడగకుండా పోతున్నారు.

అత్త సరోజన కత్తిపీట ముందు కూర్చుని బీరకాయ చెక్కు తీస్తోంది.

"అత్తమ్మా, నా పసుపుపచ్చ నారాయణపేట చీర ఏడున్నది?"

"నీ బీరువల నీ చీర. నన్నడుగుతవేంది?"

"కనవడ్తలేదు."

"కింది అరల సూడు. మార్చిలనే గంజి పెట్టి మడతేసి పెట్టిన."

"నేను దసరాకు కట్టిన అత్తమ్మా. దసరా పోయినంక గా చీర నేను ముట్టలే. మార్చిల ఎవలు కట్టిండ్రు?"

కత్తిపీట మీద బీరకాయ ఆగిపోయింది. సరోజన తల ఎత్తలేదు. పక్కగదిలో మామ మొండయ్య నేస్తున్న మగ్గం చప్పుడు మాత్రం ఆగకుండా వినిపిస్తోంది.

లావణ్య ఫోన్ తీసుకుని ఆమె కళ్ల ముందు పెట్టింది.

"జర సూడు. మాస్కు పెట్టుకున్నా, నిన్ను నేను గుర్తు పట్టనా?"

"మంచి చీర కట్టుకొని రమ్మన్నరు బిడ్డా," అంది సరోజన. "నాకున్నయేంది? రెండు పాలిస్టరు చీరలు. ఆఫీసరమ్మ లెక్క కనవడాలె అంటే నేనేడికెల్లి తేను?"

"ఎవలు రమ్మన్నరు?"

సరోజన చూపు గుమ్మం వైపు పోయింది. అక్కడ సాయికిరణ్ తల తుడుచుకుంటూ నిలబడ్డాడు. లావణ్య భర్త. హన్మకొండ బట్టల దుకాణదారు శ్యాంసుందర్ తన దుకాణం మీది అంతస్తులో తెరిచిన శిక్షణ సంస్థలో కోఆర్డినేటరు. ఏటిగడ్డ మున్సిపాలిటీ శిక్షణ కాంట్రాక్టు ఆ సంస్థదే.

"పొద్దుగాల్నే ఏంది లొల్లి?" అన్నాడు. "బయట ఆమె ఉన్నది. మెల్లగ మాట్లాడుండ్రి."

"నువ్వు మెల్లగ చెప్పు, నేను మెల్లగ వింట," అంది లావణ్య. "మార్చిల మా ఆఫీసు గ్రూపుల మెసేజ్ పెట్టినవ్. ట్రైనింగ్ వాయిదా పడ్డది అని. నేను నమ్మిన. ఆఫీసంత నమ్మింది. మరి ఈ ఫోటో ఎక్కడిది?"

సాయికిరణ్ తువాలును భుజం మీద వేసుకున్నాడు. దాన్ని సరిచేసుకున్నాడు. మళ్లీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మీ కమిషనర్ ఒక్కరినీ పంప అన్నడు. వార్డుల తనిఖీ నడుస్తాంది, ట్రైనింగ్ లేదు గీనింగ్ లేదు పో అన్నడు. మార్చి దాటితే నిధులు వాపసు పోతయ్. అప్పటికే హాల్ మాట్లాడినం. హైదరాబాద్ కెల్లి ట్రైనర్ బయల్దేరిండు. కుర్చీలు ఖాళీగుంటే బిల్లు పాస్ కాదు, శ్యాంసుందర్ సేఠ్ నన్ను బతకనిస్తడా? ఏం చేయమంటవ్?"

"అందుకని నా పేరు తీస్కపోయి మా అత్త మెడల ఏసినవ్."

"ఎవలకు ఏ కార్డు పడ్డదో నాకేం ఎర్క? ఆడోళ్ల కార్డులు ఆడోళ్లకిచ్చిన. అంతే."

"అంతేనా!" లావణ్య నవ్వింది. ఆ నవ్వు చూసి సరోజన లేచి పొయ్యి దగ్గరికి పోయింది, అక్కడ చేయాల్సిన పనేదీ లేకపోయినా.

"ఆ మూడు రోజులు ఏం చెప్పిండ్రు?" అని అడిగింది లావణ్య.

"ఏం చెప్తరు? బంతులు ఇసురుకునుడు, బెలూన్లు ఊదుడు. లీడరంటే గిట్లుండాలె, గట్లుండాలె. సమోస, చాయ్, గ్రూప్ ఫోటో. నువ్వు పోయినా గదే, పోకున్నా గదే. సర్కార్ ట్రైనింగ్‌ల ఎవడన్న ఏమన్న నేర్సుకున్నడా? నీ గుండె మీద చెయ్యేసుకొని చెప్పు."

అంతకుముందు లావణ్య అలాంటివి రెండింటికి పోయి వచ్చింది. ఒకదానిలో సమయపాలన గురించి చెప్పాల్సిన వక్త మధ్యాహ్నం భోజనాల వేళకు వచ్చి, ముందు భోజనం చేసి, తర్వాత సమయం విలువ చెప్పాడు. ఇంటికొచ్చి ఆయన నడకా మాటా అనుకరించి చూపిస్తే, ఇదే వంటింట్లో అందరూ కడుపు పట్టుకుని నవ్వారు. మామ మొండయ్య అయితే కళ్ల నీళ్లు తుడుచుకున్నాడు. ప్రజల పన్నులతో పెట్టే ఆ ఖర్చంతా ఎటు పోతోందని ఆ రోజు ఎవరూ అడగలేదు. ఆమె కూడా అడగలేదు.

"నా మాట విను," అన్నాడు సాయికిరణ్, గొంతు తగ్గించి. "శ్యాంసుందర్ సేఠ్ నిన్న రాత్రే ఎంక్వైరీ సారుతోటి మాట్లాడిండు. ట్రైనింగ్‌కు పోయిన, పని ఒత్తిడిల పొరపాటు జరిగింది అని రాయి. ఒక ఇంక్రిమెంట్ ఆపుతరు. అంతే. పోలేదని రాస్తే నన్ను లోపలేస్తరు."

"పోయిన అని రాస్తే?"

"చెప్పిన గద. ఇంక్రిమెంట్."

"కాదు. అన్నీ తెలిసి మనిషిని సంపిన అని నా చేత్తోటి నేను రాసిచ్చినట్టు. తెల్వక చేసిన తప్పు వేరు. తెలిసి చేసిన తప్పు వేరు. నీకు జైలు తప్పాలంటే నన్ను హంతకురాలిని కమ్మంటానవు, గంతే గదా?"

"మాటకు మాట పెంచకు. నేను అరెస్టయితే ఈ ఇల్లెట్ల నడుస్తది?"

"ఆమె ఇల్లెట్ల నడుస్తాంది?" లావణ్య వీధి వైపు చెయ్యి చూపింది.

అంతలో ఫోన్ మోగింది. తెర మీద దేవదాస్ పేరు. ఏటిగడ్డలో ఆమె కింద పనిచేసే శానిటరీ జవాన్. లావణ్య స్పీకర్ నొక్కింది.

"మేడం, నేను ఠాణా ముంగట ఉన్న," అన్నాడు దేవదాస్. "నిన్న పొద్దంత కూసోబెట్టిండ్రు. దింపుమని ఎవరు చెప్పిండ్రు అన్నరు. మీ పేరు చెప్పిన మేడం."

"మంచిది."

"అబద్ధం చెప్పలే గద మేడం? నేను ఫోన్ చేసి అడిగిన. బస్టాండ్ కాడ మోరీ పొంగింది, కలెక్టర్ గారు వస్తాండ్రు, ఏం చేయాలె అని. మీరు ఉప్పలయ్యను దింపు, బండ్లు వచ్చేటాలకు నీళ్లు పోవాలె అన్నరు."

"నిజమే చెప్పినవ్ దేవదాస్."

"నాకు ఇద్దరు ఆడపిల్లలు మేడం."

"ఎర్క. నువ్వు చేసింది మంచిదే. ఫికర్ చెయ్యకు."

"మేడం, ఆయినె లోపలికెల్లి ఒక్కసారి తాడు గుంజిండు. ఇంకో బురద బుట్ట కావాలంటాండేమో అనుకొని నేను బుట్ట దింపిన. బుట్ట దింపిన మేడం."

లావణ్య ఫోన్ పెట్టేసింది. సాయికిరణ్ గోడకు ఆనుకున్నాడు. సరోజన కొంగు నోట్లో కుక్కుకుంది.

లావణ్య మళ్లీ ఫోటో తెరిచింది. ఎందుకు తెరిచిందో ఆమెకే తెలియదు. ఇంతసేపూ ఆమె కళ్లు తన చీర దగ్గరే ఆగిపోయాయి. ఇప్పుడు ఫోటోను వేళ్లతో కిందికి జరిపింది.

వేదిక మీద ఎర్రా నల్లా పట్టీల కొత్త జంపఖానా పరిచి ఉంది. దాని మీద వరసలుగా నిలబడ్డవాళ్లందరి కాళ్లూ వట్టివి. మెడలో కార్డులు, కొందరికి అరువు తెచ్చిన కోట్లు, కొందరికి టై కూడా. కాళ్లకు మాత్రం ఏమీ లేదు. జంపఖానా అంచు బయట, దాన్ని తగలకుండా, చెప్పులు జతలు జతలుగా పేర్చి ఉన్నాయి.

మగ్గం దిగిన కొత్త జంపఖానా మీద, కొన్నవాడి కాలు పడేదాకా, కొత్తవాడలో ఎవరూ చెప్పులతో కాలు పెట్టరు. ఆడుకుంటూ పిల్లలు తొక్కినా వీపు మీద ఒకటి పడుతుంది. లావణ్య ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో ఒకసారి తొక్కి, అత్త చేత మాట పడింది. ఆమె ఆఫీసులో అయితే జంపఖానా కోసం బూటు విప్పే మనిషి ఒక్కడూ లేడు. మేనేజరు దేవుడి పటం ముందే విప్పడు.

"ఇటు సూడు," అంది భర్తతో. "మాస్కులు పెట్టిచ్చినవ్. కార్డులేసినవ్. కోట్లు తొడిగిచ్చినవ్. కాళ్లు మర్సిపోయినవ్."

సాయికిరణ్ వంగి చూశాడు. అతని ముఖంలో రంగు మారింది.

"ఇది వరంగల్‌ల పుట్టిన ఏ కానిస్టేబుల్ సూసినా చెప్తడు, వీళ్లు ఎవలో, ఏ వాడోళ్లో. నేను ఏం రాసినా, రాయకున్నా, రేపటికల్లా ఈ వీధిలకొస్తరు."

"వాళ్లకేం తెల్వదు. కూలికి కూసున్నరు."

"నువ్వు పిలిస్తే వచ్చిండ్రా?"

సాయికిరణ్ తువాలుతో మెడ తుడుచుకున్నాడు.

"నువ్వు పిలిస్తే ఈ వాడల కుక్క గూడ రాదు," అంది లావణ్య. "పోయినేడు నేత సంఘం ఎన్నికలప్పుడు ఎన్ని మాటలన్నవో వాళ్లను, యాది మరిసినవా? మూడు రోజులు మగ్గాలు ఇడిసిపెట్టి ముప్పై మంది నీ కోసం వచ్చిండ్రంటే నేను నమ్మ. ఎవలు పిలిస్తే వచ్చిండ్రు?"

అప్పుడు గమనించింది. పక్కగదిలో మగ్గం ఆగిపోయింది.

ఉప్పలయ్య చనిపోయిన రోజు నుంచి మొండయ్య ఆ మగ్గం దిగడం లేదు. కంచం తీసుకుపోయి ముందు పెడితే రెండు ముద్దలు తిని పక్కకు జరుపుతున్నాడు. తన కోడలికి వచ్చిన కష్టానికి కుమిలిపోతున్నాడనుకుంది లావణ్య. సొంత తండ్రి కూడా ఇంతగా బాధపడడని ఆఫీసులో ఎవరితోనో చెప్పుకుంది కూడా.

"అత్తమ్మా," అంది మెల్లగా. "మామయ్యనా?"

"ఆర్డర్లు లేని నెల బిడ్డా," సరోజన ఏడుపు మొదలుపెట్టింది. "ఎవని మగ్గం మీద పని లేదు. మూడు పూటల అన్నం పెడ్తరు, కూలి ఇస్తరు, గంత పెద్ద హాల్‌ల ఫ్యాన్ కింద కూసునుడే పని అన్నడు నీ మొగడు. మీ మామ సంఘం పెద్దమనిషాయె. ఆయన అడిగితే కాదంటరా? అందరం పోయినం. పెళ్లికి పోయినట్టు పోయినం."

"అమ్మా, ఇగ ఊకో!" అన్నాడు సాయికిరణ్.

"ఎందుకు ఊకోవాలె? ఆ రోజు వద్దురా అని చెప్పిన. ఆడోళ్ల పేర్లతోటి ఆటలు మంచియి కావని చెప్పిన. ఎవడన్న ఇన్నడా?"

లావణ్య బల్ల మీద కాగితం పెట్టుకుంది. పెన్ను మూత తీసింది.

"ఏం రాస్తవ్?" అన్నాడు సాయికిరణ్.

"నేను ట్రైనింగ్‌కు పోలే అని రాస్త. ఉప్పలయ్యను దింపుమన్నది నేనే అని రాస్త. రెండూ నిజాలే. రెండూ రాస్త."

"రెండు రాస్తే ఇద్దరం పోతం!"

"పోదాం."

"పిచ్చి లేసిందా నీకు? నీకు నీ ఉద్యోగం, నీ నిజాయితీ. బాపును గూడ ఠాణాకు గుంజుకపోతరు. గీ వయసుల!" అతను కాగితం మీద చెయ్యి వేశాడు. ఆమె లాగింది. కాగితం సగానికి చిరిగింది. ఇద్దరి చేతుల్లో చెరో ముక్క.

"మేడం."

గుమ్మంలో సమ్మమ్మ నిలబడి ఉంది.

ఎప్పుడు లేచి వచ్చిందో ఎవరికీ తెలియదు. ఎంత విన్నదో కూడా తెలియదు. చెప్పులు బయటే విడిచింది. నిన్న తీసేసిన గాజుల గీతలు మణికట్ల మీద ఇంకా ఎర్రగా ఉన్నాయి.

"లోపలికి రా అక్కా," అంది లావణ్య. ఆ పిలుపు ఆమె నోటికి ఎలా వచ్చిందో.

"వద్దు మేడం. ఈన్నే ఉంట." సమ్మమ్మ ద్వారబంధం పట్టుకుంది. "నేను పైసలకు రాలే. కొలువు అడుగుదామనీ రాలే. మీరు లొల్లి పెట్టుకునుడు చూద్దామని గూడ రాలే. ఒక్క ముచ్చట అడిగి పోత. పొద్దుగాలసంది అడుగుదామంటే నోరు వస్తలేదు."

"అడుగు."

"ఆయినె దిగుతాంటే, చుట్టూ అంతమంది ఉన్నరట. మీరు ఫోన్‌ల ఉన్నరట. చదువుకున్నోళ్లు, ఆఫీసర్లు, డ్రైవర్లు. ఒక్కలన్న వద్దు అనేటోళ్లు లేకుండెనా మేడం? దిగితే సచ్చిపోతడని ఒక్కనికన్న తెల్వకుండెనా?"

లావణ్య పెదవులు కదిలాయి. తనకు తెలియదు, ఎవరూ చెప్పలేదు అనబోయింది. ఆ చెప్పాల్సిన రోజున తన కుర్చీలో తన అత్త కూర్చుందని ఈ మనిషికి ఎలా చెప్పాలి? చెప్పినా అందులో ఏం ఉంది? బంతులు, బెలూన్లు.

"ఉండె," అన్న మాట వెనకనుంచి వినిపించింది.

మొండయ్య పక్కగది గుమ్మంలో నిలబడ్డాడు. చొక్కా లేదు. చేతులకూ కనుబొమలకూ నూలు దూది అంటుకుని ఉంది.

"ఒక్కనికి ఎర్కుండె సమ్మమ్మా. నాకే."

"బాపూ, లోపలికి నడువు," అన్నాడు సాయికిరణ్. "నీకేం తెల్వదు, ఊకే నడుమల రాకు."

"నువ్వు ఊకోరా." మొండయ్య అతన్ని చూడలేదు. లావణ్యనూ చూడలేదు. గది దాటి వచ్చి సమ్మమ్మ ముందు నేల మీద చతికిలబడ్డాడు. మాటలు వెతుక్కుంటున్నట్టు రెండు అరచేతులూ చూసుకున్నాడు. తర్వాత చెప్పాడు.

"నా కొడుకు చెప్పేది ఇనకు. బంతులాట మొదటి పూటనే అయిపోయింది. వీడు బయట ఫోన్‌ల ఉంటుండె, లోపల ఏం చెప్పిండ్రో వీనికి తెల్వదు. రెండో దినం ఆ ట్రైనర్ సారు మోరీల సంగతి ఎత్తిండు. ఆయన తమ్ముడు గట్లనే దిగి సచ్చిపోయిండట. చెప్పుకుంట చెప్పుకుంట ఏడ్సిండు. మేము నిజంగనే ఆఫీసర్లమనుకున్నడు పాపం. మీ చేతుల్ల మనుషుల పానాలున్నయ్ సార్ అని మాకు దండం పెట్టిండు. మాకు సిగ్గైంది. లేసి పోదామనుకున్నం. ఎట్ల పోతం, కూలికి ఒప్పుకున్నంక?

"మూత తీస్తే కంటికి కనవడని గాలి వస్తదన్నడు. మనిషిని దింపుడే తప్పు, మిషన్ పిలువాలె అన్నడు. ఆఖరుకు మాతోటి నాటకం ఆడిపిచ్చిండు. నన్ను ఇన్‌స్పెక్టర్‌ను చేసిండు. ఇంకొకడు నాకు ఫోన్ చేసినట్టు చెయ్యాలె. సార్, మోరీ పొంగింది, పెద్దసార్లు వస్తాండ్రు, మనిషిని దింపాల్నా? అనాలె. నేను జవాబు చెప్పాలె. వద్దు, ఎవరొచ్చినా వద్దు, మిషన్ వచ్చేదాంక ఒక్కడు దిగొద్దు అని. మొదలు మెల్లగ చెప్పిన. గట్టిగ చెప్పు పెద్దాయనా అన్నడు. గట్టిగ చెప్పిన. హాలంత చప్పట్లు కొట్టిండ్రు.

"ఆ పొద్దు నా కోడలుకు ఫోనొచ్చినప్పుడు నేనొక్కన్నే గా బల్ల కాడ కూసున్న. జవాన్ గొంతు నాకు ఇనవడ్తాంది. అవ్వే మాటలు సమ్మమ్మా. మోరీ పొంగిందట, పెద్దసార్లు వస్తాండ్రట, ఏం చేయాల్నట. జవాబు నా నాలిక మీదికొచ్చింది. చెప్తే, మామా నీకెట్ల ఎర్క అంటది. మీ ఆఫీసోళ్ల కుర్చీల కూసొని విన్న బిడ్డా అని ఏ నోటితోటి చెప్పను? కొడుకు కొలువు పోతదనుకున్న. వాడోళ్ల ముంగట నా ఇజ్జత్ పోతదనుకున్న. ఒక్కపొద్దుకు ఏమైతదిలే అనుకున్న. నా కోడలు తెల్వక దింపుమన్నది. నేను తెలిసి చాయ్ తాగిన."